నీలి చారల చేప, నూనె డబ్బా

మెయిల్ వచ్చినప్పుడు నేను పప్పుచారుకు పోపు పెడుతున్నాను. భూపాలపల్లిలో మా క్వార్టర్ మొత్తానికి ఫోను సిగ్నల్ సరిగ్గా అందేది వంటింటి కిటికీ దగ్గరే కాబట్టి, ఫోను ఎప్పుడూ ఉప్పు డబ్బాకు ఆనుకుని ఉండేది. గరిటె పట్టుకునే చదివాను. నమ్మకం కలగక మళ్లీ చదివాను. ఈలోపు ఎండుమిరపకాయలు మాడి, ఘాటు ఇల్లంతా కమ్మి, పక్క క్వార్టర్ సౌమ్యక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఉద్యోగం వచ్చిందక్కా అన్నాను దగ్గుతూ. ఆమె ముందు పొయ్యి ఆపింది, తర్వాత సంతోషించింది.

ఆ ఉద్యోగం ఏమిటో ఆ ఎండాకాలం ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. లక్షద్వీప్‌లో పగడపు దిబ్బల మీద చేపల సర్వే. అక్టోబరులో మొదలై మళ్లీ ఎండలు ముదిరేదాకా. నీళ్ల మీద బోర్లా తేలుతూ, కింద దిబ్బల్లో తిరిగే చిలుకచేపల్ని చూసి రాసుకోవడం నా పని. ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక దరఖాస్తు పెట్టాను, పెళ్లి సందడిలో ఆ సంగతే మరిచిపోయాను.

ఆ చేపతో నాకు పాత పరిచయం ఉంది. డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ మ్యూజియంలో, పాముల సీసాల వెనకాల, ఒక పెద్ద సీసాలో మందు నీళ్లలో మునిగి ఉండేది. మూతి మాత్రం అచ్చం చిలుక ముక్కు. పళ్లన్నీ అతుక్కుపోయి అలా తయారవుతాయి. ఒళ్లంతా ఉడకబెట్టిన ఆలుగడ్డ రంగు. సీసా మీద అంటించిన చీటీలో మాత్రం 'పసుపు ఒళ్లు, అడ్డంగా నీలి చారలు' అని రాసి ఉండేది. చారలేవి సార్ అని అడిగితే, మందులో పడ్డాక రంగులు ఉండవమ్మా, అవి బతికున్నప్పుడే అన్నారు మా లెక్చరర్. ఆ మాట నన్ను వదల్లేదు. కొందరికి మంచుకొండలు చూడాలని ఉంటుంది. నాకు ఆ చేపను దాని రంగుల్లో చూడాలని.

మధ్యాహ్నం షిఫ్టు దిగి తిరుపతి వచ్చాడు. మా ఆయన బొగ్గు గనిలో పెళ్లలు నలగగొట్టే క్రషర్ దగ్గర పనిచేస్తాడు. ఎంత సబ్బు రుద్దినా కళ్ల అంచుల్లో సన్నటి బొగ్గు గీత మిగిలిపోతుంది, కాటుక పెట్టినట్టు. పెళ్లయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆ గీత కోసమే నేను తలుపు దగ్గర నిలబడేదాన్ని. అందరి ముందు ఆయన్ను మీరు అనేదాన్ని, తలుపు వేశాక నువ్వు. ఆ మార్పుకే రోజూ నవ్వొచ్చేది.

ఫోను చూపించాను. నేను పైన నాలుగు లైన్లు చదివి గంతులేసిన మెయిల్‌ను తను నిలబడే చివరిదాకా చదివాడు. మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ల అలవాటు అది. కింద ఒక షరతు ఉంది. ఆగస్టులో, కొచ్చిలో చేరే రోజున ఈత పరీక్ష. ఒంటి మీద బట్టలతో చిన్న కొలను ఆగకుండా ఈదాలి, తర్వాత దేన్నీ పట్టుకోకుండా కొంతసేపు నీళ్ల మీద తేలాలి. రాకపోతే ఆ చోటు జాబితాలో తర్వాత ఉన్నవాళ్లది.

"నీకు ఈత అస్తదా?" అన్నాడు.

"రాదు."

"పేరేమో యమున."

"నీ పేరు తిరుపతి. కొండలెక్కుడు అస్తదా నీకు?"

ఇద్దరం నవ్వుకున్నాం. మాడిన పోపుతోనే అన్నం తిన్నాం. రాత్రికి ఆ నవ్వు తగ్గి, జనగామలో పుట్టి పెరిగినదాన్ని, బకెట్ నీళ్లకే వంతులు చూసినదాన్ని, ఇప్పుడు ఎక్కడ నేర్చుకోవాలి అని నేను అడిగాను. హనుమకొండలో కొలను ఉంది గానీ, ఆడవాళ్ల సమయానికి అందుకోవాలంటే చీకటితోనే బస్సెక్కాలి. ఒకసారి వెళ్లాను. చిన్నపిల్లల మధ్య నడుం లోతు నీళ్లలో గోడ పట్టుకుని నిలబడి, తిరిగొచ్చాను.

ఇక మిగిలింది అత్తమ్మకు చెప్పడం.

మా అత్తమ్మ కనకలక్ష్మి ఘనపూర్ పక్క ఊళ్లో ఒక్కతే ఉండి వ్యవసాయం చేస్తుంది. మామయ్య పోయి పదేళ్లు దాటింది. కౌలుకివ్వమని ఎందరు చెప్పినా ఇవ్వకుండా, వరీ పత్తీ తనే పెట్టి, ట్రాక్టర్ వాళ్లతో బేరాలు, మిల్లు దగ్గర పంచాయితీలు అన్నీ తనే చేసుకుంటూ తిరుపతిని చదివించింది. కొత్త కోడలు ఆర్నెల్లు సముద్రంలో ఉంటానంటే ఆమె ఏమంటుందోనని ఆదివారం బండి మీద వెళ్తున్నంతసేపూ నేను తిరుపతి చొక్కా గట్టిగా పట్టుకునే ఉన్నాను.

అత్తమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. తిరుపతి చెప్పాడు. చాపలు పట్టుడా అని అడిగింది. పట్టుడు కాదు, లెక్కపెట్టుడు అన్నాను. పట్టకుండా ఎట్లా లెక్కపెడతావంది. నీళ్లలో తలపెట్టి చూసి అన్నాను. ఇంకో నాలుగు కాయలు ఒలిచింది.

"ఈత ఎవలు నేర్పిస్తరు?" అంది తర్వాత.

ఎవరూ లేరని చెప్పాం.

"పిల్లను ఈడ ఇడ్సిపెట్టి నువ్వు డ్యూటీకి పో," అంది కొడుకుతో. లేచి దేవుడి అర్ర పక్క అటక మీద నుంచి ఖాళీ మంచినూనె డబ్బా ఒకటి దించి, మూత బిగించి, నేలకేసి కొట్టి చూసింది, గాలి పోవడం లేదు కదా అని.

అలా నేను రేపటి నుంచి ఈత నేర్చుకోబోతున్నానని నాకు తెలిసింది.

*

మా పొలం బావి మాకూ పెద్దమామ పోశాలుకూ ఉమ్మడి. పెద్దమామ అంటే మామయ్యకు అన్న. బోర్లు వచ్చాక ఊళ్లో చాలా బావులు పూడ్చేశారు గానీ ఇది ఇంకా బతికే ఉంది. చుట్టూ రాతికట్టు, ఒక పక్క నీళ్లదాకా దిగే మెట్లు. ఎండాకాలం కాబట్టి నీళ్లు లోతుకు దిగి, పచ్చగా కదలకుండా ఉండేవి. అత్తమ్మ డబ్బాను నా వీపుకు పాత చీర పేలికతో కట్టి, నడుముకు తాడు కట్టి, తాడు కొస తన చేతికి చుట్టుకుంది. దిగు అంది.

దిగాను. అరిచాను. డబ్బా నన్ను బోర్లా తోసింది, నేను వెల్లకిలా తిరగబోయాను, అది ఒప్పుకోలేదు. అత్తమ్మ తాడు లాగి మెట్టు దగ్గరికి చేర్చింది. దగ్గు తగ్గాక మళ్లీ దిగమంది.

ఆమె మాత్రం పై మెట్టు దిగలేదు. కాలి వేళ్లు కూడా తడుపుకోలేదు. కారణం పెద్దమామ. మోటారు అర్ర ముందు మంచం వేసుకుని పొద్దున్నే ఆయన అక్కడ ఉంటాడు. తమ్ముడి భార్య బావగారి ముందు ఎట్లా ఉండాలో అత్తమ్మ అట్లాగే ఉంటుంది. కొంగు తల మీది నుంచి జారదు, ఆయన ఉన్న చోట కూర్చోదు, ఆయన మాటకు ఎదురు చెప్పదు. ఏదన్నా చెప్పాల్సి వస్తే గాలికి చెప్పినట్టు పక్కకు చూసి చెప్తుంది. అలా నిలబడే, తాడుతో, మాటలతో నాకు ఈత నేర్పడం మొదలుపెట్టింది. చేతులు చాపు, ముడువు, కాళ్లు గట్టిగా కొట్టకు, మెడ బిర్రు పెట్టకు.

పెద్దమామకు నేను చేపల శాఖలో ఆఫీసరునయ్యానని ఎవరు చెప్పారో తెలియదు. వానాకాలంలో మన చెరువుకు చాపపిల్లలు ఇప్పించాలె బిడ్డా, రవ్వులు, బొచ్చెలు, జర మంచియి చూడు అని రోజూ గుర్తుచేసేవాడు. సముద్రం చేపలు పెద్దమామా అంటే, సముద్రం అయితే ఇంకా పెద్దగైతయి కద అనేవాడు.

నీళ్లంటే నాకు భయం తగ్గాలని అత్తమ్మ నన్ను మాట్లాడిస్తూ ఉండేది. నువ్వు లెక్కపెట్టే చాప సంగతి చెప్పు అనేది. డబ్బా నన్ను మోస్తున్న ధైర్యంతో, మూతి నీళ్ల పైకి పెట్టి, ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని. అది పగడపు రాయిని చిలుక ముక్కుతో గీకి, రాతికి పట్టిన పాచి తింటుంది. రాయి కూడా లోపలికి పోతుంది. దానికి మనలా కడుపు సంచి ఉండదు, గొంతులోనే ఇంకో పళ్ల వరస, అక్కడ రాయిని పిండి చేస్తుంది. పాచి ఒంటికి పడుతుంది, రాయి తెల్లటి ఇసుకై వెనక నుంచి పోతుంది. ఆ దీవుల్లో కాళ్ల కింద మెరిసే ఇసుకలో చాలా భాగం అదే. అది తింటుంటే నీళ్లలో తల ముంచినవాళ్లకు కటకటమని వినిపిస్తుందట.

షిఫ్టుల మధ్య బండి మీద వచ్చి గట్టున కూర్చున్న తిరుపతి ఇది విని, మరి దానికీ మా క్రషర్‌కూ ఫరక్ ఏముంది అన్నాడు. మీది ఇసుక కాదు, దుమ్ము అన్నాను. ఆ జవాబు ఇవ్వడానికి నోరు తెరిచి బావినీళ్లు మింగాను.

ఇంకో పొద్దున రంగుల సంగతి చెప్పాను. ఇవి పుట్టినప్పుడు దాదాపు అన్నీ ఆడవే. పసుపు ఒంటి మీద నీలి చారలు. కొన్ని పెరిగి పెద్దవయ్యాక, గుంపులో ఉన్న పెద్ద మగది పోయిందనుకో, ఆడవాటిలో పెద్దది ఒకటి మెల్లమెల్లగా మగదైపోతుంది. రంగు కూడా మారిపోతుంది. చారలు పోయి, ఒళ్లంతా ఆకుపచ్చ, నీలం, పొలుసు పొలుసుకూ గులాబీ అంచు. ఇది చెప్తే కాలేజీలో అందరూ నోళ్లు తెరిచేవాళ్లు. అత్తమ్మ తాడు సర్దుకుంది.

"దాంట్ల వింతేమున్నది. మీ మామ పోయినంక నేను చేసింది గదే. రంగొక్కటే మారలే."

మోటారు అర్ర ముందు మంచం కిర్రుమంది. పెద్దమామ గొంతు సవరించుకుని, చేనులో ఏదో పనున్నట్టు లేచి వెళ్లాడు. అత్తమ్మ కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుని, కాళ్లు కొట్టకు అన్నాను కద, చేతులు ఆడియ్యి అంది.

చేతుల సంగతి ఆమె అన్నది నిజమే. చిలుకచేప కూడా తోకతో ఈదదు. పక్క రెక్కలు ఆడిస్తూ, పక్షి ఎగిరినట్టు పోతుంది. ప్రాణం మీదికి వస్తేనే తోక వాడుతుంది. నేను మాత్రం మొదటి క్షణం నుంచే తోక కొట్టేదాన్ని.

*

మొదటి వాన పడి, పత్తి గింజలు పెట్టి, నారుమళ్లు పోసేనాటికి నాకు డబ్బాతో బావి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్లడం వచ్చింది. డబ్బా విప్పితే మాత్రం రాయి. ఒకసారి విప్పి చూశాం. ఆకుపచ్చ చీకట్లో నా బుడగలు పైకి పోవడం స్పష్టంగా చూశాను. తాడు లేకపోతే ఇది రాయడానికి ఉండేదాన్ని కాదు.

అప్పుడు ఆషాఢం వచ్చింది.

నేను దాని గురించి ఆలోచించనే లేదు. పెద్దమామ ఆలోచించాడు. కొత్త కోడలు ఆషాఢంల అవ్వగారింట్ల ఉండాలె, అత్తా కోడలు ఒక్క గడప దాటద్దు, మన ఇంట్ల ఎన్నడు తప్పలేదు, అని మంచం మీద నుంచే చెప్పాడు. నెల పోతే శ్రావణం మొదట్లోనే నా పరీక్ష. తిరుపతి ఏదో అనబోయాడు. అత్తమ్మ వద్దని తల ఊపింది. ఆమె బావగారి మాటకు ఎదురు చెప్పదు కదా. పైగా తనకూ ఆ పట్టింపు ఉంది. గడప మాట వచ్చేసరికి ఆమె చదువుకున్నవాళ్ల మాట వినదు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మా నాయిన యాకయ్య మర్నాడే వచ్చి నన్ను జనగామ తీసుకుపోయాడు. బస్సులో కూర్చున్నా ఆయన చూపు ఎక్కేవాళ్ల మీదే ఉంటుంది, టికెట్ తీసుకోలేదేమో అన్నట్టు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఎవరి కోసం ఏడుస్తున్నావు, అల్లుని కోసమా, ఉద్యోగం కోసమా అని నాయిన మెల్లగా అడిగాడు. నాకే తెలియదన్నాను. అది నిజం.

జనగామలో ఆ రోజులు ఇలా గడిచాయి: అమ్మ పూరీలు చేసేది. నేను మేడ మీద పీట వేసుకుని, దాని మీద బోర్లా పడుకుని, గాలిలో చేతులు ఆడించేదాన్ని. పక్కింటి మేడ మీద బట్టలారేసే శ్రీలతత్త కొన్నాళ్లు చూసి, అమ్మతో, పిల్లకు నడుము నొప్పా, దవాఖానకు తీసుకపోరాదూ అంది. తిరుపతి జనగామలో ఏదో పని ఉన్నట్టు వచ్చి, వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడి ఫోను చేసేవాడు. ఆషాఢంలో అల్లుడు అత్తగారింటికి రాకూడదు కాబట్టి నేనే కొత్తిమీర కోసం బజారుకు వెళ్లేదాన్ని. ఆ నెల మా ఇంట్లో ప్రతి కూరలోనూ కొత్తిమీరే. అమ్మ ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

కానీ పీట మీద ఈత రాదని నాకు తెలుసు. ఆ చోటు నా తర్వాత ఉన్నవాళ్లకు పోతుందని మనసులో అనుకోవడం కూడా మొదలుపెట్టాను. వాళ్లెవరో సముద్రం పక్క ఊరి పిల్ల అయి ఉంటుంది, పుట్టుకతో ఈత వచ్చి ఉంటుంది, చారలు ఆమె చూస్తుందిలే అని. మెయిల్‌కు జవాబు కూడా సగం రాశాను, రాలేనని.

అత్తమ్మ ఫోను ఆ సాయంత్రమే వచ్చింది. వెనక మేకలు అరుస్తున్నాయి, ఎవరో ఆడవాళ్లు నవ్వుతున్నారు.

"ఎక్కడున్నరు అత్తమ్మా?"

"తొర్రూరు కాడ. మా అవ్వగారింట్ల."

ఎవరికన్నా బాగాలేదా అని భయపడ్డాను. అందరూ మంచిగున్నారంది. ఆషాఢంలో కోడళ్లు పుట్టింటికి పోవాలి కదా, నేను కూడా ఒకప్పటి కోడల్నే, పోతున్నానని మీ పెద్దమామకు చెప్పించిన, ఆయనకు కాదనడానికి మాట దొరకలేదు అంది. నారుకు నీళ్లు పెట్టేది తిరుపతికి అప్పజెప్పిందట.

"మా తమ్ముని బాయి కాడ గడప లేదు," అంది. "జనగామకెల్లి పాలకుర్తి మీదుగ బస్సున్నది. పొద్దుగాల రా. ఇంట్లకు రావద్దు, నేరుగ బాయికాడికే. డబ్బా తెచ్చిన."

*

నాయిన నాతో వచ్చాడు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సీటు దొరుకుతుందో ఆయనకు నోటికి వచ్చు. మహబూబాబాద్ జిల్లా బోర్డు దాటి, మక్క చేన్ల మధ్య దిగి నడిచాం.

బావి గట్టున ఒకావిడ కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని, పక్కనున్న ముసలమ్మతో ఏదో చెప్పి పడిపడి నవ్వుతోంది. దగ్గరికి పోయేదాకా అది మా అత్తమ్మ అని నేను గుర్తుపట్టలేదు. తల మీద కొంగు లేదు. జుట్టు ముడి విప్పి ఉంది. ఆమెను నేను అప్పటిదాకా బూడిదరంగు, కాఫీరంగు చీరల్లోనే చూశాను. ఆ రోజు చిలకపచ్చ. నేను చూస్తున్నానని గమనించి, పాతది, మా మరదలుది, నీళ్లల్ల ఖరాబైనా పర్వలేదని కట్టిన అంది. నేను సరే అన్నాను.

చిన్నప్పటి నుంచి ఎరిగిన పక్కింటి ముసలమ్మ ఆమెను 'కనకి' అని పిలుస్తోంది. నీ కోడలేనా కనకీ, మెత్తగున్నదే, మునుగుతదా తేలుతదా అంది. అత్తమ్మ లేచి, కుచ్చిళ్లు వెనక్కి తీసి గోచీ పెట్టి, రాతికట్టు అంచున నిలబడింది. వానలకు నీళ్లు సగానికి పైగా వచ్చి ఉన్నాయి. నాయిన మర్యాదగా ఇటు తిరిగి మక్క చేను చూడసాగాడు. అత్తమ్మ దుంకింది.

నీళ్లు మూసుకుపోయాయి. చాలాసేపు ఏమీ లేదు. నేను నాయిన చేయి పట్టుకున్నాను. తర్వాత ఎదురు గోడ పక్కన తల పైకి వచ్చింది, కళ్లు తుడుచుకుంటూ.

"చల్లగున్నయి. దిగు," అంది.

ముసలమ్మ చెప్పిన దాన్నిబట్టి, పెళ్లి కాకముందు ఆ చుట్టుపక్కల బావుల్లో బిందె పడితే కనకిని పిలిచేవాళ్లట. ఘనపూర్ వైపు ఆ సంగతి ఒక్కరికీ తెలియదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె నీళ్లలోకి దిగలేదు.

ఆ రోజు నుంచి తాడు లేదు. అత్తమ్మ నా పక్కనే నీళ్లలో ఉండేది, అరచేయి నా పొట్ట కింద పెట్టి. డబ్బా మాత్రం పొద్దున్నే, నేను మెడ లోతు నీళ్లలో మెట్టు మీద కూర్చున్నాక, తనే కట్టేది, నీళ్లలోనే తనే విప్పేది. కట్టే ముందు వెనక నిలబడి దాంతో ఏదో చేసేది, మూత బిగిస్తున్నదనుకునేదాన్ని. రోజు విడిచి రోజు వెళ్లేవాళ్లం. నాయిన గొడుగు వేసుకుని గట్టున కూర్చుని, వచ్చేపోయే బస్సుల చప్పుడు విని ఏ డిపోదో చెప్పేవాడు. ముసలమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చేది. అందరం గట్టునే తినేవాళ్లం.

ఒకరోజు తింటుండగా వాన దబదబా అందుకుంది. రవీందర్, అంటే అత్తమ్మ తమ్ముడు, ఇల్లు కూతవేటు దూరమే కాబట్టి, అందరూ లోపలికి రండని పిలిచాడు. అత్తమ్మ నన్ను పొమ్మంది. మీరు రండి అన్నాను. నేను వస్తే ఒక్క గడపే అయితది కద అని, రొట్టె పళ్లెం నా చేతికిచ్చి, తను మోటారు అర్ర చూరు కింద నిలబడింది. ఇంటి లోపల నుంచి నేను, అక్కడ నుంచి ఆమె, మధ్యలో వాన. కేక వేసి అడిగింది, రాత్రి పూట నీ చాప ఎక్కడ పంటది అని.

నేనూ కేక వేసే చెప్పాను. రాతి సందులో చేరి, వీటిలో కొన్ని, నోట్లోంచి జిగురు తీసి ఒంటి చుట్టూ దోమతెరలా కట్టుకుంటాయి. అందులో పడుకుంటే పురుగులు కుట్టవు, దాని వాసన పాములాంటి చేపలకు తెలియదు. పొద్దున లేచి ఆ తెర చింపుకుని బయటికి వస్తుంది.

"రోజు కొత్తది కడ్తదా?"

"రోజూ కొత్తదే."

"మస్తు ఓపిక," అంది అత్తమ్మ. ఆమె పచ్చ చీర చూరు నీళ్లకు తడిసి నల్లగా కనిపిస్తోంది.

ఆషాఢం అమావాస్య నాడు ఆఖరుసారి వెళ్లాం. ఎండ కాసింది. నేను బావి చుట్టూ గోడ వెంబడి ఆగకుండా తిరిగాను. తోక కొట్టకుండా, రెక్కలతో. తర్వాత బోర్లా తేలి, కళ్లు తెరిచి కిందికి చూశాను. చెవుల్లో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కింద ఎండ కర్రల్లా దిగి ఉంది, దాని మధ్య ఒక చిన్న జెల్లచేప మెల్లగా పోతోంది. నాకు సరిగ్గా గుర్తుంది, అప్పుడు నేను పగడాల గురించి కాదు, సాయంత్రం కొత్తిమీర కొనే వంక గురించి ఆలోచిస్తున్నాను. భయం పోయిందని అట్లా తెలిసింది.

మెట్టెక్కుతుంటే వీపు బరువుగా లాగింది, అలసటనుకుని కూర్చుని వీపు అటు తిప్పాను, డబ్బా విప్పమని. అత్తమ్మ ముడి విప్పింది. డబ్బా మెట్టు మీద దబ్బున పడింది, ఖాళీ డబ్బా పడినట్టు కాదు. పక్కకు ఒరిగి, అందులోంచి నీళ్లు గుడగుడమని కారడం మొదలుపెట్టాయి. చాలాసేపు కారాయి. మూత లేదు.

నేను డబ్బా వైపూ ఆమె వైపూ చూశాను.

"రోజుకు చెంబెడు పోసుకుంట వచ్చిన," అంది అత్తమ్మ, జుట్టు పిండుకుంటూ. "నిండి వారమైతంది. మూత ఏడ పడ్డదో నాకే తెల్వదు."

గట్టున నాయిన గొడుగు మూశాడు. ముసలమ్మ పళ్లు లేని నోటితో నవ్వింది. నేను మళ్లీ నీళ్లలోకి దిగాను, వీపు మీద ఏమీ లేకుండా, ఎదురు గోడ దాకా పోయి రాయి ముట్టుకుని వచ్చాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అత్తమ్మ అప్పటికే పచ్చ చీర ఆరేసి, పొడి చీర కట్టుకుని, డబ్బాను కడిగి బోర్లించి పెట్టింది.

"దీన్ని ఈడనే ఉండనియ్యి, రవీందర్ బిడ్డకు పనికొస్తది," అంది. "రేపటి సంది శ్రావణం. పొద్దుగాల మొదటి బస్సుకు జనగామకే వస్త. మీ అవ్వకు చెప్పు. మీ ఇంట్ల ఇద్దరం ఒక్కపారి గడప దాటి, గట్నే వరంగల్ పోయి రైలెక్కుదాం. తిరుపతి టికెట్లు చేసిండు."

"నువ్వు గూడ కొచ్చి దాక వస్తవా అత్తమ్మా?"

"మరి? నువ్వు నీళ్లల్ల ఉంటె, ఒడ్డుకు ఎవలన్న నిలబడాలె కద."